నోటి లెక్కకు పది పుల్లల కట్ట



మూడో తరగతి చదివే పిల్లవాణ్ణి 38కి 27 కలిపితే ఎంత అని అడిగి చూడండి. పలకా పెన్సిలూ ఇస్తే 65 అని చక్కగా వేస్తాడు. అవి తీసేస్తే వేళ్ళు మడవడం మొదలుపెడతాడు. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి... సగం దాకా వెళ్ళేసరికి వరస తప్పుతుంది. మనం ఊరుకుంటామా? ‘‘వీడికి లెక్కలు రావు’’ అనేస్తాం. ఆడపిల్లయితే ‘‘పోనీలే’’ అని వదిలేస్తాం. అది ఇంకా అన్యాయం. పెద్దవాళ్ళు విసుగులో అన్న ఆ మాట పిల్లల మనసులో నాటుకుపోతుంది.

నిజానికి అది తెలివి తక్కువ కాదు. పది అంటే ఒక కట్ట అన్న సంగతి ఆ చేతికి ఇంకా తెలియలేదు, అంతే. దాన్ని ఇంట్లో ఎలా తెలియజెప్పాలో ఈ పూట చెప్పుకుందాం.

మన మెదక్ పక్కనే హవేలిఘనపూర్‌లో డైట్ ఉంది. అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 జాతీయ విద్యా విధానం తరువాత ఇలాంటి సంస్థలు దేశమంతటా జిల్లాల్లో వెలిశాయి. చిన్న తరగతులకు పాఠం చెప్పబోయే వాళ్ళకు ఇలాంటి శిక్షణలో చెప్పే వరస ఒకటుంది: ముందు వస్తువు, తరువాత బొమ్మ, ఆ తరువాతే అంకె. బళ్ళో నలభై మంది మధ్య ఈ వరస ఒక్కొక్క పిల్లకూ అందాలంటే కష్టం. ఇంట్లో మనకు ఒకరో ఇద్దరో గదా!

కొబ్బరి చీపురు పుల్లలు ఒక నూరు చిన్నగా విరిచిపెట్టుకోండి. పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టమనండి. కట్టడం పిల్లలే చెయ్యాలి సుమా, మీరు కట్టి ఇవ్వకండి. ఇప్పుడు 38 పెట్టమంటే మూడు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. దాని పక్కన 27 అంటే రెండు కట్టలు, ఏడు విడివి. అన్నీ కలిపితే అయిదు కట్టలు, పదిహేను విడివి. ‘‘పదైతే ఏం చెయ్యాలి బిడ్డా?’’ అని అడగండి. కట్ట కడతారు. ఆరు కట్టలు, అయిదు పుల్లలు. అరవై అయిదు!

కొందరు పిల్లలు ఇదే లెక్కకు 515 అని వేస్తారు. మూడూ రెండూ అయిదు, ఎనిమిదీ ఏడూ పదిహేను, రెండూ పక్కపక్కన పెట్టేశారన్న మాట. నవ్వకండి. వాళ్ళు కూడిక సరిగానే చేశారు, కట్ట కట్టడం మరిచారు. నూట అయిదు రాయమంటే 1005 అని రాసేవాళ్ళూ ఉంటారు. చెవికి విన్నది విన్నట్టు రాశారు గదా! వంద కట్ట ఒకటి, పదుల కట్ట ఒక్కటీ లేదు, విడివి అయిదు అని చూపించండి. లేని చోట పీట ఖాళీగా ఉందని చెప్పడానికే సున్న. ఒక స్థానం కన్న దాని ముందు స్థానం పదింతలని 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. అంత పెద్దవాళ్ళు ఆలోచించి పట్టుకున్న ఉపాయం ఏడేళ్ళ పిల్లకు ఒక్క పూటలో రాలేదని విసుక్కోవడం న్యాయమా?

మన భాష ఇందులో మనకు పెద్ద సాయం. ఇరవై అంటే ఇరు పదులు, ముప్పై అంటే మూడు పదులు, నలభై అంటే నాలుగు పదులు. ఇంగ్లీషులో ‘సెవెన్‌టీన్’ అంటే ఏడు ముందు పలుకుతుంది, అందుకే కొందరు పిల్లలు 71 రాస్తారు. మన పదిహేడులో పదే ముందు. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నా ఇంట్లో తెలుగు అంకెలు మానకండి.

ఇక నోటి లెక్క. కాగితం మీద ఒకట్ల నుంచి మొదలుపెడతాం. మనసులో మాత్రం పదుల నుంచి మొదలుపెట్టాలి. ముప్పై, ఇరవై యాభై. ఎనిమిది, ఏడు పదిహేను. యాభై, పదిహేను అరవై అయిదు. మాట వచ్చిన వరసలోనే లెక్కా నడుస్తుంది. చేతిలో ఒకటి పెట్టుకుని గుర్తుంచుకోవలసిన బాధ లేదు.

ఇంకో దారీ ఉంది. 27లోంచి రెండు తీసి 38కి ఇస్తే 40, మిగిలింది 25. మళ్ళీ అరవై అయిదే! మన వీధుల్లో వినిపించే ఉర్దూలో 29ని ‘ఉన్‌తీస్’ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. 29కి 16 కలపాలంటే అదే కిటుకు: ముప్పై, పదిహేను, నలభై అయిదు. ఏ దారిన వెళ్ళావని పిల్లల్నే చెప్పనివ్వండి. జవాబు తప్పినా ముందు దారి వినండి.

దీనికి పదికి జోడీలు నోటికి రావాలి: ఎనిమిదికి రెండు, ఏడుకు మూడు, ఆరుకు నాలుగు. వామనగుంటలాడే చింతగింజలు పది తీసి, కొన్ని గుప్పిట్లో దాచి, ‘‘బయట ఆరున్నాయి, లోపల ఎన్ని?’’ అంటే ఆటలోనే వచ్చేస్తాయి.

1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు రాక ముందు రూపాయికి పదహారు అణాలు. ఆ చిక్కు లెక్క మన అమ్మమ్మలు నోటితోనే చేసేవారు. ఇప్పుడు లెక్కంతా పదుల్లోనే ఉంది. అయినా కొట్లో ఫోను చూపించి డబ్బు కట్టేస్తుంటే పిల్లలకు చిల్లర లెక్కే కనబడటం లేదు. వారానికొకసారి కూరగాయలకు పది నోట్లు, రూపాయి బిళ్ళలు తీసుకుని పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. వంకాయలు 38, టమాటాలు 27. మొత్తం ఎంతో వాళ్ళే చెప్పి, వాళ్ళ చేత్తోనే ఇవ్వాలి. వెనక జనం తొందరపడినా సరే, మీరు తొందరపడకండి.

రోజుకు పది నిమిషాలు చాలు. ఏడుపు వచ్చేలోగా ఆపెయ్యండి. వేళ్ళ మీద లెక్కపెడితే కోప్పడకండి. కట్ట చేతికి అలవాటయ్యాక వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి.