అది ఆఫీసు కాదా?
(సీతమ్మధారలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధనలోకి రాకముందు ఏడాదిపాటు ఈ నగరంలోనే ఒక సంస్థ ప్రజాసంబంధాల విభాగంలో పనిచేశాను. బాగా రాయగలిగినవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చారు. చేరాక రాసే పని మగవాళ్లకే దక్కింది. విలేకరుల సమావేశాల్లో గుమ్మం దగ్గర పూలగుత్తితో నిలబడటం, రాత్రి విందులో అతిథులను 'చూసుకోవడం' నా వంతు. ఒక అతిథి హద్దు మీరాడని చెబితే "ఆఫీసులో జరగలేదు కదమ్మా" అన్నారు.

ఈ వృత్తి స్త్రీలను ముందు నిలబెట్టి వాడుకోవడం కొత్త కాదు. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో ఎడ్వర్డ్ బెర్నేస్ యువతుల చేత సిగరెట్లు కాల్పించి, వాటిని 'స్వేచ్ఛా కాగడాలు' అన్నాడు. డబ్బు సిగరెట్ కంపెనీది. స్త్రీల స్వేచ్ఛ అమ్మకపు సరుకైంది.

నేను పనిచేసిన నాటికి 2013 చట్టం రాలేదు. 1997 నాటి విశాఖ తీర్పు దానికి పునాది. ఆ విశాఖ మన ఊరు కాదు, కేసు వేసిన సంఘాల్లో ఒకదాని పేరు. ఈ చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనమూ పనిస్థలమే. వేధించినవాడు బయటివాడైనా, ఆమె పోలీసులకు ఫిర్యాదు చేయాలనుకుంటే సాయపడటం యజమాని విధి. పదిమంది కూడా లేని చిన్న ఏజెన్సీల్లో పనిచేసేవారు జిల్లా స్థానిక కమిటీకి రాయవచ్చు. మామూలు గడువు మూడు నెలలు.

మొదటి ఏడాది ఉద్యోగినికి ఈ సంగతులు నియామక పత్రంలో కనిపించవు. ఆ గడువు దాటకముందే ఆమెకు చెప్పవలసింది మనమే.