నలుగురు ఏమనుకొందురో!

(ఒక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము)



మన భాషలో నొక చిత్రమైన మాట కలదు. "నలుగురు" అనునది సంఖ్యను దెలుపు పదమే. కాని మన నోట నది లోకమునకే పేరైనది. బిడ్డకు పేరు పెట్టునపుడు నలుగురు, పెండ్లి నిశ్చయించునపుడు నలుగురు, తుదకు పాడె మోయుటకును నలుగురు. ఈ నలుగురెవరని యడిగిన నెవరును పేరులు చెప్పజాలరు. అయినను వారి భయము లేని యిల్లు తెలుగుదేశమున లేదు.

నేడు మేము విచారింపదలచినది యీ భయమును గూర్చియే. మనుష్యుడు తన కన్ను చూచినదానిని కాదని పదుగురి నోటిమాట నేల యంగీకరించును? పిరికితనమువలన నని త్రోసివేయుట సులభము. ఆ సమాధానము చాలదని మా యభిప్రాయము.

1951 ప్రాంతమున అమెరికాలో సాలమన్ ఆష్ అను మనశ్శాస్త్రజ్ఞుడొక పరీక్ష గావించెను. ఒక అట్టపై నొక గీత. మరియొక అట్టపై మూడు గీతలు. మొదటిదానితో సమానమైన గీత యేదియో చెప్పవలెను. చూచినంతనే తెలియునట్లు ఆ గీతలు స్పష్టముగా నుండెను. కొందరు విద్యార్థులను వరుసగా గూర్చుండబెట్టి, ఒకరి తరువాత నొకరిని బిగ్గరగా జెప్పుమనిరి. వారిలో నిజముగా పరీక్షింపబడువాడొక్కడే. తక్కినవారందరు ముందే కూడబలుకుకొన్నవారు. 18 పర్యాయములలో 12 పర్యాయములు వారేకకంఠముగా తప్పు చెప్పిరి. ఒంటరిగా నున్నపుడు నూటికొక తప్పైనను చేయనివారు, ఆ యేకకంఠము నెదుట నూటికి 37 వంతున తప్పునే యొప్పుకొనిరి. అక్కడ కొరడా లేదు, కారాగారము లేదు, కులబహిష్కారము లేదు!

పిమ్మట వారిని ప్రశ్నింపగా, ఇందరు చెప్పుచుండ తమ చూపులోనే లోపమున్నదేమో యని కొందరు సందేహించినట్లు తెలిసెను. మరికొందరు నిజమెరిగియు, వేరుపడి కనబడుట కిష్టపడలేదు. ఒకటి పదుగురికి దెలిసినది తనకు దెలియదేమో యను వినయము. రెండవది పదుగురిలో నొంటరి యగుదునను వెరపు. వినయము మేలైన గుణమే. క్రొత్త యూరికి బోయినవాడు జనము నడచు త్రోవ బట్టియే రేవు చేరును. కాని వెరపు వినయపు వేషము వేసికొన్నపుడు కీడు మొదలగును. తలవంచినవాడు తాను పెద్దల మాట మన్నించితినని తృప్తిపడును.

ఆ పరీక్షలో మరియొక విశేషము కలదు. ఎదుట నొక్కడే తప్పు చెప్పినపుడు లొంగినది నూటికి 3.6 వంతు, ఇద్దరు చెప్పినపుడు 13.6, ముగ్గురు చెప్పినపుడు 31.8. ఆపై నెందరిని జేర్చినను ఆ బలము విశేషముగా పెరుగలేదు. లోకమును "నలుగురు" అనుటలో మన పెద్దలు చేసిన లెక్క యెంత సరియైనదో చూచితిరా! లోకమంతయు మనల నెదిరింప నక్కరలేదు. మన ప్రక్కనున్న ముగ్గురు నలుగురే మనకు లోకము.

మందును అందే యున్నది. ఆ గుంపులో నొక్కడు నిజము పలికిన చాలును. లొంగుబాటు నాలుగవ వంతునకు పడిపోయెను. అట్టి తోడు నడుమ విడిచి గుంపులో గలిసినపుడో, ధైర్యము సడలి తప్పులు మరల పెరిగెను. ఒక్క తోడు మనిషిని నిలబెట్టును. ఆ తోడు వెనుదీసిన మనిషి కూలును.

ఈ సత్యమును తెలుగువారు అంతకు డెబ్బది యేండ్లకు ముందే రాజమహేంద్రవరమున చూచియున్నారు. వితంతువివాహమునకు శాసనము 1856లోనే యనుమతి నొసంగెను. శాసనము వచ్చినదిగాని పెండ్లిపీట మీదికి జనము రాలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తాము పూనుకొనిన మొదటి వితంతువివాహమును జరిపించిరి. వెంట నిలుతుమని పలికినవారిలో పలువురు, బహిష్కారమను మాట వినబడగానే వెనుదీసిరి. వారు దుర్మార్గులు కారు. వెలివేయబడిన యింటికి పురోహితుడు రాడు. ఆ యింటి పిల్లకు సంబంధము రాదు. వంటవారును, నీళ్లు మోయువారును గూడ మానివేయగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు దెచ్చి వంట చేసిరి. కాకినాడ వాస్తవ్యులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి యాదుకొనిరి. పంతులుగారి ధైర్యమును మన మెల్లరము కొనియాడుదుము. ఆ ధైర్యమును నిలబెట్టిన బిందెను గూర్చి యెంతమంది తలతురు?

ఇక మన యిండ్లకు వత్తము. వరకట్నము నిచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరమని 1961లో శాసనమైనది. ఇంటి యరుగుపై గూర్చున్నపుడు అది పాపమని యొప్పుకొనని తండ్రి యరుదు. అయినను పెండ్లి మాటలు రాగానే, నలుగురు ఇచ్చుచున్నారు, మన మీయకున్న నలుగురేమనుకొందురని పిల్ల తండ్రి యనును. నలుగురు పుచ్చుకొనుచున్నారు, మనము వలదన్న పిల్లవానిలో నేదో లోపమున్నదందురని పిల్లవాని తండ్రి యనును. ఆ నలుగురిలో ప్రతివాడును తక్కిన ముగ్గురిని జూచి భయపడుచున్నాడు! ఒకని మౌనము మరియొకనికి సమ్మతిగా దోచుచున్నది. ఎవరికిని ఇష్టము లేని యాచార మెల్లర మౌనముచే బ్రతుకుచున్నది.

పరులను నిందించుటకు మేమీ మాట చెప్పలేదు. ఇట్టి సభలలో వరకట్నమును ఖండించి, మరునాడే అట్టి పెండ్లికి బోయి, అక్షతలు వేసి, కట్నపు లెక్క చెవిని బడినను వినబడనట్లు భోజనము చేసి వచ్చినవారమే మేమును. ఆ పందిటిలో మా ప్రక్కవాడును తలవంచుకొనియే యుండెను. అతడును మావలెనే తలచెనేమో! మేమడుగలేదు, అతడు చెప్పలేదు.

అట్లని సంఘబలమే చెడ్డదని యెవరును తలపరాదు. 1921లో చీరాల పేరాల ప్రజలు, తమపై రుద్దబడిన పురపాలకసంఘపు పన్నుల నెదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని, ఇంచుమించు 11 నెలలు కష్టముల కోర్చిరి. ఏ కుటుంబమున కా కుటుంబము వేరుగా యోచించియుండిన నెందరు కదలియుందురు? ప్రక్కయింటివాడు మూట కట్టుట జూచి తానును మూట కట్టినవా డెంతమందియో! గొర్రెదాటును, సత్యాగ్రహమును తోటివాని యడుగు జూచి సాగునవే. ఎందుకు పోవుచున్నామని యడిగినవానికి సమాధాన మిచ్చు గుంపు సంఘము. అడిగినవాని నోరు మూయు గుంపు మంద.

కావున సోదరులారా, మీరెల్లరు వీరేశలింగములు కండని మేము కోరము. మొదటివాడగుట యెల్లరకు సాధ్యము కాదు. రెండవవా డగుట సాధ్యము. మీ వీధిలో నొక తండ్రి కట్న మీయనని గాని, పుచ్చుకొననని గాని చెప్పిన దినమున, ఆ సాయంకాలమే వాని గడప దొక్కి, మీరు చేసినది న్యాయమని నలుగురు వినునట్లు చెప్పుడు. వాని యింటి పెండ్లికి ముందుగా పొండు. వారి బిడ్డకు సంబంధము వెదకుటలో తోడ్పడుడు. పలికిన మాటనుండి నడుమ వెనుదీయకుడు.

నలుగురు ఏమనుకొందురో యని మన మింతకాలము భయపడితిమి. ఆ నలుగురిలో నొకడు మనమే యని మరచితిమి.