మధ్యవర్తి లేని మారకం

చేవెళ్ల, మొయినాబాద్ పూలరైతులకు మార్కెట్ దళారి బాగా తెలుసు. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం ఇచ్చి, వేరే బ్లాక్‌చెయిన్‌లోని, అంటే వేరే డిజిటల్ ఖాతాపుస్తకంలోని, లైట్‌కాయిన్ అనే నాణెం తీసుకోవాలన్నా చాలామందికి మధ్యవర్తే దిక్కు. అక్కడే ప్రమాదం. 2022 మార్చిలో బ్లాక్‌చెయిన్ల మధ్య మధ్యవర్తిగా పనిచేసే రోనిన్ అనే వంతెన నుంచి దొంగలు 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకున్నారు.

మధ్యవర్తి అక్కర్లేని పద్ధతి అటామిక్ స్వాప్. ఒకరు ఒక రహస్య సంకేతంతో తమ సొమ్ముకు తాళం వేస్తారు. రెండోవారూ అదే తాళం వేస్తారు, గడువు మాత్రం తక్కువ పెడతారు. మొదటివారు రెండోవారి సొమ్ము తీసుకోవాలంటే సంకేతం బయటపెట్టాల్సిందే. దాంతోనే రెండోవారికీ తాళం తెరుచుకుంటుంది. గడువు దాటితే ఎవరి సొమ్ము వారికే తిరిగి వస్తుంది.

అన్నలారా, అక్కలారా, మారకంలో ఆ సంకేతం బయటపడుతుంది గానీ, మీ డిజిటల్ నాణేలు ఉండే వాలెట్ రహస్య పదాలు మాత్రం ఎవరడిగినా చెప్పకండి.