అమ్ముడైన పుస్తకమే చదువదగిన పుస్తకమా?



పుస్తకముల అంగడిలో అడుగిడినవానికి నేడు మొదట కంటబడునది గ్రంథకర్త పేరు కాదు, అట్టమీది ముద్ర. 'బెస్ట్‌సెల్లర్' అని బంగారురంగున నొక చక్రము. లేదా 'ఇరువదవ ముద్రణ' అని ఎఱ్ఱని పట్టీ. కర్నూలు, కడప ప్రాంతములవంటి మెట్టసీమలో, వాన తప్పిన యేట వేరుశనగ విత్తనపు ఖర్చే తిరిగిరాని యూళ్లలో, గ్రంథాలయమునకు చేరు చందాసొమ్ము అంతంతమాత్రము. దానితో కొన్న పుస్తకము కొఱగానిదైనచో మరల కొనుటకు పై యేటిదాక కాచుకొనవలెను. కావున ఆ ముద్రను నమ్మవచ్చునా, నమ్మరాదా యను ప్రశ్న ఇచట ప్రొద్దుపుచ్చుటకై పుట్టినది కాదు.

ఈ ముద్రకు మూలము అమెరికా దేశము. అచట 1895లో 'బుక్‌మన్' అను పత్రిక అమ్మకముల పట్టికలను ప్రకటింప మొదలిడెను. న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన పట్టికను 1931 అక్టోబరులో ఆరంభించెను. ఆనాడది ఆ యొక్క నగరపు అంగళ్లకే పరిమితము. చిత్రమేమనగా, అదే 1931లో మదరాసునుండి రంగనాథన్‌గారి గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములు వెలువడినవి. ప్రతి చదువరికిని తనకు తగిన పుస్తకము చిక్కవలెనని వాటిలో నొకటి, ప్రతి పుస్తకమునకును దానికి తగిన చదువరి దొరకవలెనని మరియొకటి. అక్కడివారు ఎందఱు కొనిరని అడిగిన యేడాదిననే ఇక్కడివారు ఎవనికి ఏది కావలెనని అడిగిరి. రెండును వేర్వేరు ప్రశ్నలు.

ఆ పట్టికయైనను ఉన్నదున్నట్లు చెప్పు లెక్కయా? విలియం పీటర్ బ్లాటీ అను నవలాకారుడు తన 'లీజియన్' అను నవలకు అమ్మకములకు తగిన స్థానము పట్టికలో నీయలేదని 1983లో టైమ్స్ పత్రికపై దావా వేసెను. పత్రికవారు తమ పట్టిక కేవల గణితఫలితము కాదనియు, సంపాదకుల నిర్ణయముతో కూడినదనియు వాదించిరి. 1986లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ దావాను నిలువనీయలేదు. మరి 1995లో ఒక వ్యాపారగ్రంథమునకు, దానిని వ్రాసినవారే పలు అంగళ్లలో వేలకొలది ప్రతులు కొని పట్టికలో చోటు సంపాదించిరని బిజినెస్‌వీక్ పత్రిక వ్రాసెను. సంతలో తన పొట్టేలికి బావమఱదిచేత బేరము పెంచించువాని విద్యయే యిది. మూకుమ్మడి కొనుగోళ్లున్నట్లు తోచిన పుస్తకము ప్రక్కన ఆ పత్రిక ఒక కత్తిగుర్తు వేయుట కలదు. పట్టికను చూచినవారిలో ఆ గుర్తును చూచువా రెందఱో!

తెలుగుపుస్తకములకు ముద్రణసంఖ్యయే ముద్ర. ఇచట కొంచెము కూడిక, గుణకారము వచ్చినవాడు మోసపోడు. పేరుపుటకు వెనుకవైపున 'ప్రతులు: 1000' అని అచ్చువేయు వాడుక చాలమంది ప్రకాశకులకు కలదు. అయిదువందల చొప్పున పదిమార్లు అచ్చయినది అయిదువేల ప్రతులే గదా. పదివేలు ఒక్కమారే అచ్చొత్తించినవాడు 'మొదటి ముద్రణ' మనియే వేసికొనవలెను. ఎంత చిన్న ముద్రణమో చెప్పక ఎన్నవ ముద్రణమో మాత్రము చెప్పు అట్టకు విలువ యేపాటిది? ఆ కొన్నవారిలో బహుమతులకై కొన్న బడులెన్ని, పరీక్షకై కొన్న విద్యార్థులెందఱు, బీరువా నింపుటకై కొన్న గ్రంథాలయములెన్ని? అడంగలులో పైరు పేరు వ్రాసినంతనే కళ్లములో గింజ రాలదు.

అట్లని జనము మెచ్చినదంతయు చవుకబారని మూతి విఱుచుటయు తగదు. చిలకమర్తివారి 'గయోపాఖ్యానము' లక్షకు మించి అమ్ముడైనదని ప్రసిద్ధి. నాటకసమాజములు దానిని ఊరూర ఆడి నిలిపినవి. వేయి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చిన్ననవలలు రైలుస్టేషనులలో కొద్దిపాటి వెలకు అమ్ముడుపోయెడివి. వాటిని ఈసడించిన పండితులు కలరు. కాని అక్షరములు కూడబలుకుకొనుచున్నవానికి ఒక పుస్తకము తుదిముట్ట చదువగలనను ధైర్యము అట్టి నవలవలన కలిగినచో, అది తక్కువ మేలు కాదు.

పండితుల తూనికయు తప్పిన సందర్భమునకు దూరము పోనక్కరలేదు. 1820లో బ్రౌనుదొర కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్వ మొదలిడెను. అప్పటికే వేమన పద్యములు సేద్యగాండ్ర నోళ్లలో, బైరాగుల నోళ్లలో, బడిపిల్లల నోళ్లలో నున్నవి. వేమనను కవిగా లెక్కించుటకు పండితులు పెక్కుమంది ఒడబడలేదు. బ్రౌను తాటాకుల ప్రతులు సేకరించి, సరిపోల్చి, 1829లో మదరాసున 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1839 నాటి కూర్పున అవి 1164 అయినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై ప్రసిద్ధోపన్యాసములు చేసినది 1928లో. అనగా బ్రౌను కూర్పు వెలువడిన తొంబది తొమ్మిదేండ్లకు. అమ్మకపు లెక్క చూచిన, అచ్చు లేని కాలమున వేమన పద్దు సున్న. పండితుల లెక్క చూచినను దాదాపు సున్నయే. పల్లెజనుల నాలుక యొక్కటియే ఆ పద్దును సరిగా వ్రాసికొన్నది. నేడు కడపలో బ్రౌను నివసించినచోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలైనవారి కృషివలన, ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

అయితే జనుల నాలుకయు అన్నిట సాక్షి కాజాలదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము' నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన పదునాఱవ శతాబ్ది కావ్యము. అది నోటికి వచ్చు పద్యముల మూట కాదు. కథలో కథ చిక్కుపడి, తుదకు విడివడునది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వవిచారము'న దాని కథాకల్పనను విప్పిచూపి, దానివైపు క్రొత్త చదువరులను మరల్చిరి. 2002లో అమెరికాలో దాని ఆంగ్లానువాదము అచ్చయినది. ఇట్టి పుస్తకమునకు ముద్ర పనికిరాదు. తాను చదివి, ఏల చదువవలెనో కారణము చెప్పగల మనిషి కావలెను.

గ్రామగ్రంథాలయమునకు అట్టి సాక్ష్యము ఇంటనే కొంత కలదు. పుస్తకము చివర అంటించిన తేదీల చీటి చూడుడు. ఏ పుస్తకము ఎన్నిమార్లు ఇల్లు చేరినదో అది చెప్పును, అబద్ధమాడదు. కాని అదియు సగము సాక్ష్యమే: పుస్తకము మూడవనాడే తిరిగివచ్చినచో చదివి తెచ్చిరో, విసిగి తెచ్చిరో చీటికి తెలియదు. అంచులు నలిగిన పుటలు ఎందాక పోయినవో చూచిన తెలియును. ఇరువది పుటలవఱకే మాసి తక్కినది తెల్లగా నున్న బెస్ట్‌సెల్లరులు ప్రతి బీరువాలోను కలవు. మరి ఏటికి ఒక్కమారే బయటికి పోవు వేరుశనగ తెగుళ్ల పుస్తకమును, చీటిలో తేదీలు తక్కువని, పాతకాగితముల వానికి తూచి అమ్మరాదు. ఆ యొక్కమారు అది పోయినది ఒకని చేనికి.

ఈ రజతోత్సవ సంవత్సరమునుండి గ్రంథాలయపు వాకిట త్రాట కట్టిన నోటుపుస్తక మొకటి వ్రేలాడదీయుట మంచిది. పుస్తకము తిరిగి ఇచ్చువారు అందులో ఒక్క పంక్తి వ్రాయవలెను: పేరేమి, తుదిదాక చదివిరా, ఇంకెవరికి పనికివచ్చును. వ్రాయుట రానివారు చెప్పినచో గ్రంథపాలకుడు వ్రాయవలెను. పై యేటి కొనుగోలునాడు సంఘమువారు ప్రకాశకుల పట్టికతోబాటు ఆ నోటుపుస్తకమును గూడ బల్లమీద నుంచుకొని కూర్చుండవలెను.