ఇంట గెలిచి రచ్చ గెలువుము

(ఒక పఠనమందిరమున జరిగిన సభలో చేయబడిన ఉపన్యాసము)



మీ పఠనమందిరపు బల్లపైకి వచ్చు పత్రికలలో అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వశాఖలను మూసివేయుటను గూర్చిన వార్తలు మెండుగా కానవచ్చినవి. కేంద్ర విద్యాశాఖను ఎత్తివేయుటకు పూనుకొనవలసినదని 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంపు ఆజ్ఞాపత్రముపై సంతకము చేసెను. 1961లో కెనెడీ కాలమున పుట్టిన విదేశసహాయసంస్థ 2025 జూలై 1తో తన పని చాలించుకొనెను. దీనిని కొందరు ఉన్మాదమనిరి; కొందరు విమోచనమనిరి. నేను నేడు ఒక వ్యక్తి గుణదోషములను విచారింపబోను. ఆ దేశపు సంప్రదాయవాదులు తరతరములుగా చెప్పుచున్న వాదమేమి? అందు సత్యమెంత? దానిని వారైనను పాటించుచున్నారా? ఈ మూడు ప్రశ్నలకే నా ప్రసంగము పరిమితము.

వాదమునకు మూలము ఆ దేశపు పుట్టుకయందే కలదు. 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగమును వ్రాసినవారు ఒక రాజును వదలించుకొని వచ్చినవారు. కావున కేంద్రమునకు లెక్కపెట్టి కొన్ని అధికారములనే యిచ్చిరి. మిగిలినవన్నియు రాష్ట్రములకును ప్రజలకును చెందునని 1791లో పదియవ సవరణముచే స్థిరపరచిరి. పరదేశములతో శాశ్వతమైన పొత్తులకు పోవలదని 1796లో వాషింగ్టను తన వీడ్కోలు సందేశమున హెచ్చరించెను. స్వాతంత్ర్యము ఎచ్చట తలయెత్తినను అమెరికా శుభము కోరునే గాని, రాక్షసులను వెదకుచు దేశాంతరములకు యుద్ధమునకు పోదని 1821లో జాన్ క్విన్సీ ఆడమ్సు ఉపన్యసించెను. ఇవి రెండు వాదములుగా తోచును గాని నిజమునకు ఒక్కటియే. అధికారము ప్రజకు దూరమైన కొలది లెక్క చెప్పుట మానివేయును. ఆ దూరము రాజధానిలోని కచ్చేరి వరకైనను, సముద్రముల కావలి యుద్ధభూమి వరకైనను ఫలము సమానమే.

ఈ మాట కేవలము సిద్ధాంతము కాదనుటకు ఒక నిదర్శనము చెప్పెదను. న్యూ ఇంగ్లండు తీరమున హెర్రింగు చేపలు పట్టి జీవించు బెస్తలు కలరు. వారి పడవలపై ప్రభుత్వ పర్యవేక్షకుడు కూర్చుండవచ్చునని శాసనము చెప్పినది. అతని వేతనమును ఆ బెస్తలు భరింపవలెనని మాత్రము ఎచ్చటను స్పష్టముగా చెప్పలేదు. అయినను 2020లో మత్స్యశాఖవారు ఆ వ్యయమును బెస్తలే పెట్టుకొనవలెనని నిబంధన గావించిరి. పడవ బెస్తది, వల బెస్తది, తుపానులో ప్రాణభయము బెస్తది. తనపై కావలి యుండువాని కూలియు బెస్తదే! శాసనము అస్పష్టముగా నున్నచో, యుక్తముగా కనబడినంతవరకు అధికారులు చెప్పిన యర్థమునే న్యాయస్థానములు మన్నింపవలెనని 1984 నుండి ఒక సూత్రము చెల్లుచుండెను. ఈ బెస్తల వ్యాజ్యము మూలముననే 2024 జూన్ 28న సుప్రీముకోర్టు ఆ సూత్రమును త్రోసివేసెను. ప్రజలెన్నుకొనని అధికారి నిబంధన వ్రాసి, దానికి తానే అర్థము చెప్పి, తానే అమలుపరచినచో కంచె చేను మేసినట్లు కాదా? కేంద్రపు నిబంధనలను ప్రకటించు రాజపత్రము 1936లో సుమారు 2,600 పుటలు. 2016లో 90,000 పుటలను మించెను. ఏ వర్తకుడు వాటిని చదువగలడు?

శాఖను మూసిన లోకము తలక్రిందులగునని భయపడువారికి మరియొక కథ చెప్పవలెను. 1938లో పుట్టిన పౌరవిమానయాన బోర్డు విమానముల ఛార్జీలను, మార్గములను నిర్ణయించుచుండెను. నలువదేండ్లపాటు ప్రధానమార్గములలో ఒక్క క్రొత్త పెద్ద సంస్థనైనను ప్రవేశింపనీయలేదు. 1975లో సెనేటులో బహిరంగ విచారణలు జరిగినవి. ఆల్ఫ్రెడ్ కాన్ అను అర్థశాస్త్రవేత్త ఆ బోర్డునకే అధ్యక్షుడై, తన కుర్చీ అనవసరమని తానే వాదించెను. 1978లో శాసనము చేయబడెను. 1984 సంవత్సరాంతమున బోర్డు మూతపడెను. విమానములు నిలిచిపోలేదు, ప్రయాణికులు పెరిగిరి. అయితే విమానముల క్షేమమును చూచు శాఖను ఎవరును ముట్టలేదు. ధర నిర్ణయించు చేతిని తొలగించి, ప్రాణము కాచు చేతిని నిలిపిరి. ఇదియే వివేకము. ఈ పని చేసినవారు సంప్రదాయవాదులు కారు. సెనేటులో విచారణ నడపినది ఎడ్వర్డు కెనెడీ, సంతకము చేసినది కార్టరు! విచారణ జరిగినది, చర్చ జరిగినది, శాసనము పుట్టినది. ఈ క్రమమును మనస్సున నుంచుకొనుడు.

మరి సంప్రదాయవాదులు తాము చెప్పినది చేసిరా? 1980 ఎన్నికలలో విద్యాశాఖను, ఇంధనశాఖను ఎత్తివేయుదునని రీగను వాగ్దానము చేసెను. ఎనిమిదేండ్లు పాలించి అతడు వెడలునప్పటికి ఆ రెండును నిలిచియే యున్నవి. పైగా మాజీ సైనికులకొక ప్రత్యేకశాఖ నేర్పరచు శాసనముపై 1988లో అతడే సంతకము చేసెను. కారణమేమి? కారణము ఇంటిలో వెదకిన దొరకదు, రచ్చలో వెదకవలెను. యుద్ధమువలె ప్రభుత్వమును పెంచునది మరియొకటి లేదు. జీతమునుండి ఆదాయపు పన్నును ముందుగనే కోసికొను పద్ధతి 1943లో యుద్ధము పేర వచ్చెను. యుద్ధము ముగిసినను పద్ధతి పోలేదు. 1949లో సెనేటు అట్లాంటికు ఒడంబడికను 82 ఓట్లతో ఆమోదించినప్పుడు ఎదిరించిన 13 మందిలో ఒహాయో సెనేటరు రాబర్టు టాఫ్టు ఒకడు. మరుసటి సంవత్సరము కొరియాకు సేనలను పంపునప్పుడు శాసనసభ యనుమతి లేకుండుట న్యాయసమ్మతము కాదని అతడు స్వపక్షవిపక్షములను లెక్కింపక చెప్పెను. కాని రష్యాతో పోరు ముగియువరకు పెద్దప్రభుత్వమును సహింపక తప్పదని 1952లో బక్లీవంటి యువసంప్రదాయవాదులు వ్రాసిరి. 1991లో సోవియట్ రాజ్యము కూలెను. తాత్కాలికమని కట్టిన మేడ మాత్రము కూలలేదు. 22 సంస్థలను కలిపి స్వదేశరక్షణశాఖను 2002లో సృష్టించినది సంప్రదాయవాదియగు బుష్ కాలముననే గదా!

సోదరులారా! అసలు రోగము ఇచ్చట బయటపడుచున్నది. యుద్ధము ప్రకటించు అధికారమును రాజ్యాంగము శాసనసభయగు కాంగ్రెసునకిచ్చినది. ఆ సభ కడసారి యుద్ధము ప్రకటించినది 1942లో. కొరియాలోను, వియత్నాములోను, ఆఫ్ఘనిస్థానములోను, ఇరాకులోను జరిగినవానికి యుద్ధప్రకటన లేదు. 2011లో లిబియాపై ఒబామా, 2025 జూన్‌లో ఇరానుపై ట్రంపు బాంబులు వేయించినప్పుడు ముందుగా సభ యనుమతి పొందలేదు. నిబంధనలు వ్రాయు పనిని అధికారులకు, యుద్ధము చేయు పనిని అధ్యక్షునకు అప్పగించి ఆ సభ్యులు తమ పదవులను కాపాడుకొనిరి. నిర్ణయము చేసినవానికే నింద వచ్చును. నిర్ణయము చేయనివానికి నింద లేదు. శాఖలు పెరుగుటకును, యుద్ధములు పెరుగుటకును బీజము ఈ భీరుత్వమే. అట్లగుచో శాసనముచే 1979లో పుట్టిన విద్యాశాఖను ఆజ్ఞాపత్రముతో చంపబూనుట రోగమునకు మందగునా? శాసనసభ రద్దుచట్టము చేయకయే సహాయసంస్థను మూసినవారు, రేపు మరియొక అధ్యక్షుడు అట్టి ఆజ్ఞతోనే పది క్రొత్తసంస్థలను తెరచినచో ఏ ముఖముతో కాదనగలరు?

ఎదిరిపక్షమువారి మాటయు వినవలెను. 1957లో లిటిల్ రాక్ నగరమున తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను బడిలో అడుగుపెట్టనీయక రాష్ట్రపాలకుడే సాయుధదళమును నిలిపెను. ఐసన్‌హోవరు కేంద్రసేనను పంపి వారిని లోనికి పంపవలసివచ్చెను. 1969లో ఒహాయోలోని కయహోగా నది నూనెమురికితో మంటలెత్తెను; 1970లో పర్యావరణరక్షణసంస్థను నెలకొల్పినవాడు రిపబ్లికను పక్షపు నిక్సనే. రాష్ట్రముల హక్కను పేర పౌరుని హక్కును కాలరాయుట స్వాతంత్ర్యము కాదు. ఎల్లలెరుగని గాలికి, నీటికి ఉమ్మడి కావలి కావలెను. ఈ సత్యము నొప్పుకొనని సంప్రదాయవాదము మొండితనమగును. ధనము మాటయు నంతే. 2024 నవంబరులో ఆ దేశపు ఋణము 36 లక్షల కోట్ల డాలర్లను దాటెను. ఆ ఆర్థికసంవత్సరమున వడ్డీయే దేశరక్షణ వ్యయమును మించెను. మంచమున్నంతవరకే కాళ్ళు చాపవలెనను మాట నిజమే. కాని వ్యయములో అధికభాగము వృద్ధుల పింఛనులు, వైద్యము, సైన్యము, వడ్డీలకే పోవును. గుమాస్తాలను తొలగించి వీనిని ముట్టక ఋణము తీర్తుమనుట చెంబుతో చెరువు తోడుట.

ఈ గోల మనకేల యని మీరడుగవచ్చును. 1965, 66 సంవత్సరముల కరవులో అమెరికా గోధుమలు తిన్నవారు ఈ సభలో నుండవచ్చును. నాడు అధ్యక్షుడు జాన్సను ఓడలను కొద్దికొద్దిగా విడుదల చేయుచు మన విధానములను తనవైపునకు లాగజూచెను. సహాయము పగ్గమగునను సంప్రదాయవాదుల మాటకు మనమే సాక్షులము. అయితే 1964లో రాజేంద్రనగరమున వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆ సహాయము మూలముననే కాన్సాస్ రాష్ట్రపు ఆచార్యులు తోడ్పడిరి. ధాన్యము పంపిన చేయి పగ్గము పట్టెను. విద్య పంపిన చేయి మనలను నిలువనేర్పెను. సహాయమంతయు పాపమని గాని, పుణ్యమని గాని చెప్పరాదు. పొందువాడు తన కాళ్ళపై నిలుచుటకు పనికివచ్చునా యన్నదే గీటురాయి. చికిత్సలో నున్న రోగికి నడుమ మందు మాన్పించుట మాత్రము ఏ వాదమునకును శోభ కాదు.

కావున సంప్రదాయవాదుల వాదమును నేను త్రోసిపుచ్చను. దానిని సంపూర్ణముగా పాటింపుడని వారినే కోరుచున్నాను. శాఖను తగ్గింపుడు, కాని శాసనముచే తగ్గింపుడు. బెస్తవాని పడవపై కావలివానిని ప్రశ్నించిన నోటితోనే దూరదేశపు సేనానివేశమును గూడ ప్రశ్నింపుడు. చిన్న గుమాస్తాకు కత్తెర, పెద్ద సేనానికి పీట యనుట న్యాయము కాదు. ఆ కత్తెర శాసనసభ చేతిలో నుండవలెను. ఆ సభ ప్రజల చేతిలో నుండవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలనిరి. ఇంటిలో లెక్క చెప్పనేర్చిన ప్రభుత్వమే రచ్చలో మర్యాద నేర్చును. ఆ దేశమునకేమి, ఏ దేశమునకైనను ఇదియే నీతి.