తెరమీది భీముడు, తిక్కన భీముడు

మా నెల్లూరు తీరమున మైపాడు పిల్లలను భీముడెవడని యడిగితిని. లడ్డు తిని బలము పొందు ఢోలక్‌పూరు బాలుడనిరి. హైదరాబాదు గ్రీన్‌గోల్డ్ సంస్థాపకులు రాజీవ్ చిలకగారు కల్పించిన ఈ ఛోటా భీముడు 2008లో పోగో టెలివిజనునందు వెలసెను. బొమ్మల పుస్తకమునుండి తెరకెక్కుట లోకరీతి. వీడు తెరనుండి పుస్తకములలోనికి దిగెను.

పేరును, బలమును, ఆకలిని భారతమునుండి గ్రహించి, జూదమును పగను విడిచిరి. ఇది యపచారమని కొందఱందురు, నేననను. పసివారికి పగ యేల? విడువరానిది వంటయిల్లు. నన్నయ నిలిపిన యరణ్యపర్వశేషమును తాకక, తిక్కన విరాటపర్వముతో మొదలిడెను. అందు భీముడు వలలుడను వంటవాడు! ఒకరికి వండిపెట్టు భీముని మా పిల్లలింకను చూడలేదు. ఆ కథ బొమ్మలలోనికి వచ్చువఱకు నేనే చెప్పుచున్నాను.