బోడి గుట్ట మళ్లీ పచ్చబడుతుంది
(మహిళా సంఘం సమావేశంలో ఒక కార్యకర్త మాట్లాడిన మాటలు)



మన ఊరి గుట్టను చూడండి. ఒకప్పుడు అక్కడ కట్టెలు దొరికేవి. గడ్డి దొరికేది. ఇప్పుడు బోడి అయింది. వాన పడితే మట్టి వాగులో కలుస్తోంది. "అది పనికిరాని నేల" అంటున్నాం. నిజంగా పనికిరాదా?

ఒక సంగతి చెబుతాను, వినండి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి ఉంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. మన పల్నాడు కంటే అక్కడ వాన తక్కువ. 1990లో తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ అక్కడ 32 ఎకరాల బీడులో పని మొదలుపెట్టింది. తరువాత చుట్టుపక్కల ఊళ్లవారు కలిశారు. బోడి కొండలను కాపాడారు. ఆ అడవి పేరు కల్పవల్లి. అది 7,000 ఎకరాలకు పైనే ఉంది.

వాళ్లు ఏం చేశారు? కొండకు నిప్పు అంటకుండా కాపలా కాశారు. గొడ్డలి ఆపారు. నేలలో పాత వేర్లు బతికే ఉన్నాయి. అవి చిగురు వేశాయి. గింజలు కూడా చల్లారు. ఆకు రాలి కుళ్లింది. మట్టికి బలం వచ్చింది. వాన నీరు ఇంకింది. వాగు పక్కన ఈత చెట్లు పెరిగాయి. ఇంటి కప్పుకు బోద గడ్డి దొరికింది.

మాచర్ల అవతల నల్లమల ఉంది. అది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. కేరళ అడవిలా ఏడాదంతా పచ్చగా ఉండదు. మన గుట్టకు కూడా మన నేలకు తగిన చెట్లే కావాలి. వేప, కానుగ, చింత, సీతాఫలం చాలు.

"గుట్ట మూస్తే నా మేకలు ఏం తినాలి?" అని ఒక అక్క అడిగింది. న్యాయమైన మాటే. పేదల కడుపు కొడితే ఏ అడవీ నిలవదు. అందుకే గుట్టనంతా ఒకేసారి మూయొద్దు. ఒక పక్క మూద్దాం. రెండో పక్క మేపుకుందాం. మూసిన చోట గడ్డి కోసుకుందాం. మొక్కలు మేక నోటికి అందనంత పెరిగాక ఆ పక్క తెరుద్దాం. అప్పుడు రెండో పక్క మూద్దాం.

ముందు ఆ నేల ఎవరిదో పంచాయతీలో అడుగుదాం. అటవీ శాఖదైతే వాళ్లతో మాట్లాడదాం. అడవిని కాపాడేందుకు 1992 నుంచి మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు వచ్చాయి. అలాంటి సమితిలో మనమూ కూర్చోవాలి. కట్టెల మోపు మోసేది మనం. నీళ్ల బిందె మోసేది మనం. మన మాట లేకుండా తీర్మానం రాయకూడదు.

నిన్నటి దాకా వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదవడం వచ్చింది. తీర్మానం మనమే చదువుదాం. మేకల మాట అందులో ఉందో లేదో చూద్దాం. ఉంటేనే సంతకం పెడదాం.